ఇంటి ఖర్చులో నాలుగు రూపాయలు మిగిలే దారులు: కరెంటు బిల్లు నుంచి చీటీ పాట దాకా

హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలోనో షోలాపూర్‌లోనో యానాంలోనో ఉన్నా మన ఇళ్లలో నెలాఖరు మాట ఒక్కటే: వచ్చింది ఎటు పోయిందో తెలియడం లేదు. మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు బిల్లు తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చివరి అంకె చూసి డబ్బు కట్టేస్తారు. పైన ఏం రాశారో చదివేవాళ్లు ఉండరు. రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, బతుకు ఇంకో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలూ తక్కువేం కాదు. అందుకే ఐదు చోట్ల ఉన్న మనవాళ్లకు పనికొచ్చే విషయాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. రేట్లు, నిబంధనలు అప్పుడప్పుడు మారతాయి కాబట్టి కట్టే ముందు మీ బిల్లులోనో కార్యాలయంలోనో ఒకసారి సరిచూసుకోండి.

ముందు ఒక నెల పద్దు

ఏది తగ్గించాలో తేల్చే ముందు ఒక్క నెల ప్రతి ఖర్చూ రాయండి. పాత నోటు పుస్తకం చాలు. పాలు, కూరలు, టీ, ఆటో, ఫోన్ రీఛార్జి, చీటీ, వడ్డీ, పెళ్లి చదివింపులు అన్నీ రాయాలి. ఫోన్‌తో చెల్లించే పది, ఇరవై రూపాయలు కూడా వదలొద్దు. చాలా ఇళ్లలో డబ్బు జారిపోయేది పెద్ద ఖర్చుల దగ్గర కాదు, ఈ చిన్నవాటి దగ్గరే. నెల చివర చూస్తే ఎక్కడ చెయ్యి బిగించాలో పుస్తకమే చెబుతుంది.

కరెంటు: శ్లాబు దాటకుండా చూసుకోవడం

ఇంటి కరెంటుకు చాలా రాష్ట్రాల్లో శ్లాబుల పద్ధతే. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. కాబట్టి మీ శ్లాబు గీత ఎక్కడుందో తెలుసుకోవడమే మొదటి పొదుపు.

తమిళనాడు: బిల్లు రెండు నెలలకు ఒకసారి వస్తుంది. ఇళ్లకు మొదటి 100 యూనిట్లు ఉచితం అన్న పద్ధతి 2016 నుంచి ఉంది. 500 యూనిట్లు దాటితే 101 నుంచి 200 వరకు ఉండే తక్కువ రేటు కూడా పోతుంది. అంటే 505 యూనిట్లు వాడిన ఇల్లు ఆ ఐదు యూనిట్లకే కాక వెనకటి వాటికీ ఎక్కువ కడుతుంది. బిల్లులో 'అలగు' అని కనిపించేదే యూనిట్.

కర్ణాటక: 2023లో మొదలైన గృహజ్యోతి కింద ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు ఉచితం. అయితే అందరికీ 200 రావు. 2022-23లో మీ ఇంటి సగటు వాడకానికి పది శాతం కలిపి మీ పరిమితిని లెక్క కట్టారు. తక్కువ వాడేవారికి తర్వాత కొంత సడలింపు ఇచ్చారు. పరిమితి దాటితే దాటిన యూనిట్లకే కట్టాలి. 200 దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఈ పథకం అద్దెకు ఉన్నవారికీ వర్తిస్తుంది. ఇల్లు మారినప్పుడు పాత మీటరు నుంచి మీ ఆధార్‌ను విడదీయించి, కొత్త మీటరుకు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

మహారాష్ట్ర, ఒడిశా, యానాం: రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లుల్లో మహారాష్ట్ర శ్లాబులు 100, 300, 500 యూనిట్ల దగ్గర మారతాయి. ఒడిశాలో 50, 200, 400 దగ్గర మారతాయి. యానాం పుదుచ్చేరి పరిధిలోకి వస్తుంది కాబట్టి అక్కడ 100, 200, 300 దగ్గర మారతాయి. పక్కనున్న కాకినాడ రేట్లతో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

వాడకం తగ్గించడానికి సులువైన దారి ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీద రెండు నెలలకు 32 యూనిట్లు, మూడు ఫ్యాన్ల మీద 97 యూనిట్లు మిగులుతాయి. శ్లాబు గీత దగ్గరున్న ఇంటికి ఇది చాలా పెద్ద తేడా. అన్నీ ఒకేసారి కొనలేకపోతే ఎక్కువ సేపు తిరిగే ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. ఏసీ ఉంటే 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు ఆరు శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. టీవీ, సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపితే సరిపోదు, గోడ స్విచ్ కూడా తీసేయాలి.

రేషన్, బస్సు: చిరునామాకు విలువ ఉంది

జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుదారులకు 2023 జనవరి నుంచి ధాన్యం ఉచితంగా వస్తోంది. ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. ఆ చట్టం కింది కార్డు ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి మీరు భివండీలోనో బెంగళూరులోనో పనిచేస్తున్నా, మీరున్న చోటే తీసుకోవచ్చు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2022 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ అమల్లోకి వచ్చింది. ఆధార్‌తో జతై, వేలిముద్ర పడితే చాలు. కుటుంబంలో సగం మంది ఊళ్లో ఉంటే వాళ్ల వాటా అక్కడ, మీ వాటా ఇక్కడ తీసుకోవచ్చు. అయితే రాష్ట్రం తన సొంత డబ్బుతో ఇచ్చే పప్పు, నూనె లాంటివి బయటి కార్డుకు రావు. దుకాణం పేరు అడగాల్సి వస్తే తమిళంలో న్యాయ విలై కడై, కన్నడంలో న్యాయబెలె అంగడి, మరాఠీలో రాస్త భావ్ దుకాన్ అంటారు.

బస్సు సంగతీ ఇలాంటిదే. కర్ణాటకలో ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి ఆ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. ఆంధ్ర, తెలంగాణ ఉచిత బస్సులు కూడా ఆ రాష్ట్రాల వారికే. హోసూరు ఆడపడుచు కుప్పం వెళ్లి జీరో టికెట్ అడిగితే రాదు. తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో 2021 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి నుంచి సగం టికెట్. ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉంటూ ఆధార్‌లో పుట్టింటి చిరునామా అలాగే ఉంచుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

వంటిల్లు, మందుల డబ్బా

పప్పు, శనగలు నానబెట్టి కుక్కర్‌లో వండితే గ్యాస్ బాగా కలిసొస్తుంది. మంట పసుపుగా ఉంటే బర్నర్ శుభ్రం చేయాలి. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది. అనుమానమొస్తే తెచ్చినవాళ్లను తూచి చూపమని అడగడం మీ హక్కు.

చింతపండు, ఎండుమిర్చి, పసుపు, కందిపప్పు ఏడాదికి సరిపడా ఎండాకాలంలో కొని ఎండబెట్టి దాచడం మన అమ్మమ్మల పద్ధతి. అది ఇప్పటికీ లాభమే. చేతిలో అంత డబ్బు లేకపోతే ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి బస్తా కొని పంచుకోవచ్చు. పొట్లాలు కొనేటప్పుడు పెద్ద అక్షరాల ధర కాదు, గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చూడండి. నూనె ప్యాకెట్ మీద బరువు కూడా చదవండి. చూడటానికి ఒకేలా ఉన్న ప్యాకెట్లలో లోపల ఉన్నది ఒకే కొలత కాకపోవచ్చు.

షుగరు, బీపీ మందులు నెలనెలా కొనే ఇళ్లలో అసలు పొదుపు మందుల దగ్గరే. డాక్టరును మందు అసలు పేరు రాయమని అడగండి. మెట్‌ఫార్మిన్, అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటివి జన్ ఔషధి కేంద్రాల్లో బ్రాండు మందుల కంటే చాలా తక్కువకు దొరుకుతాయి. మార్చే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి. డబ్బు మిగులుతుందని మాత్రలు తగ్గించి వేసుకోవడం మాత్రం పొదుపు కాదు.

చీటీ: పొదుపా, అప్పా?

మనవాళ్లు ఎక్కడున్నా చీటీ ఉంటుంది. మహారాష్ట్రలో దాన్నే భిశీ అంటారు. నమ్మకం మీద నడిచేది కాబట్టి లెక్క ఎవరూ అడగరు. ఒకసారి వేసి చూద్దాం.

లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకు 5,000. మొదటి నెల ఒకరు 25,000 తగ్గించి పాడి 75,000 తీసుకున్నారు. ఆ 25,000లో నడిపేవారి కమీషన్ 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికి పంచితే తలా 1,000. తర్వాతి నెలల్లో పాట తగ్గుతుంది. సగటున నెలకు 500 కలిసొచ్చిందనుకుంటే ఒక్కొక్కరు మొత్తం కట్టేది 90,000.

చివరిదాకా ఆగినవారికి కమీషన్ పోగా 95,000 వస్తుంది. లాభం 5,000. కట్టిన డబ్బు కాలాన్ని బట్టి చూస్తే ఇది ఏడాదికి ఆరేడు శాతం. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ కూడా దాదాపు అంతే ఇస్తుంది, పైగా ఎగ్గొట్టే భయం లేదు. మొదట్లోనే పాడినవారు 75,000 తీసుకుని 90,000 కడుతున్నారు. అది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో సమానం, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం కుదువ పెడితే ఇంతకంటే చాలా తక్కువ పడుతుంది. చీటీ వేయొద్దని మేం చెప్పడం లేదు. అత్యవసరానికి చేతికొచ్చే డబ్బుగా దానికి విలువ ఉంది. కానీ ఎందుకు వేస్తున్నామో తెలిసి వేయాలి.

వేసే ముందు ఇవి అడగండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని, రిజిస్ట్రార్ దగ్గర నమోదైన చీటీయేనా? నమోదు చీటీకి నడిపేవారు చీటీ మొత్తానికి సరిపడా పూచీ పెట్టాలి. కమీషన్ ఏడు శాతం దాటకూడదు. ఈ పరిమితిని 2019 సవరణలో ఐదు నుంచి ఏడుకు పెంచారు. ఒప్పంద పత్రం, పాస్‌బుక్, ప్రతి చెల్లింపుకూ రసీదు ఉండాలి. బంధువు నడిపినా, కులపెద్ద నడిపినా ఇవే ప్రశ్నలు. చీటీ మునిగిన రోజున డబ్బుతో పాటు చుట్టరికం కూడా పోతుంది. బీడీలు చుట్టి, మగ్గం నేసి, ఇళ్లల్లో పనిచేసి పోగుచేసిన డబ్బుకు రసీదు అడగడం మర్యాద తక్కువ పని కాదు.

బంగారం, దాచే చోట్లు

నగల దుకాణాల స్కీములు 11 నెలలే ఎందుకుంటాయంటే, సరుకు కోసం కంపెనీ తీసుకున్న ముందస్తు డబ్బు 365 రోజులు దాటితే డిపాజిట్ కింద లెక్క. అది బ్యాంకు డబ్బు కాదు, బీమా రక్షణ ఉండదు. ఒకే దుకాణంలో పెద్ద మొత్తం పెట్టకండి. తరుగు, మజూరీ ఎంతో ముందే రాయించుకోండి. నగ మీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో అది అసలుదో కాదో చూసుకోవచ్చు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టవచ్చు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250తోనే నడుస్తుంది. దాని వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతమైంది. వీటి వడ్డీలను మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. బ్యాంకులో మనిషికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది. ఏది ఎంచుకున్నా జీతం వచ్చిన రోజే పక్కన పెట్టాలి. ఖర్చు పోగా మిగిలింది దాద్దామంటే మిగలదు.

చివరిగా ఒక చిన్న పని. ఈ నెల కరెంటు బిల్లు, రేషన్ కార్డు, చీటీ పాస్‌బుక్ మూడూ తీసి, చదువుకునే పిల్లలతో ఇంట్లో అందరి ముందూ చదివించండి. పిల్లలకు బడి భాష వచ్చు, పెద్దలకు లెక్క వచ్చు. రెండూ కలిస్తే డబ్బు ఎక్కడ పోతోందో ఆ సాయంత్రమే తెలుస్తుంది.