కుర్చీ కంటే ముందు ఓ ఇల్లు

హైదరాబాదు నగరానికి మొట్టమొదటి మహిళా మేయరు ఎవరంటే, క్విజ్ పోటీలకు తయారయ్యే పిల్లలు ఠక్కున చెప్పేస్తారు: రాణీ కుముదినీదేవి, 1962 అని. మార్కు వస్తుంది, పుస్తకం మూసేస్తారు. కాని ఆవిడ జీవితంలో అసలు చెప్పుకోవలసిన సంవత్సరం 1962 కాదు, అంతకు నాలుగేళ్ల ముందరి 1958 అని నాకనిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

ముందు పుట్టిల్లు, మెట్టినిల్లు సంగతి. ఎవరి గురించైనా మనం మొదట అడిగేది అదే కదా! ఆవిడ 1911 జనవరి 23న ఓరుగల్లు దగ్గరి వడ్డేపల్లిలో పుట్టారు. తండ్రి పింగిళి వెంకట రామారెడ్డిగారు నిజాం ప్రభుత్వంలో ఉపప్రధాని పదవి దాకా వెళ్లినవారు. 1928లో రాజా రామదేవరావుగారిని పెళ్లాడి వనపర్తి సంస్థానం కోడలయ్యారు. అటు కలిమి, ఇటు కలిమి. కాలుమీద కాలేసుకుని కూర్చున్నా, ఇదేమిటని అడిగేవారు లేరు.

అలాంటి మనిషి 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఒక పునరావాస కేంద్రం తెరిచారు. ఇప్పటి అపార్టుమెంట్లూ, మెట్రో రైలూ చూసేవాళ్లకు నమ్మబుద్ధి కాదుగాని, అప్పట్లో కూకట్‌పల్లి ఊరికి వెలుపలి పల్లె. దానికి తన పేరు పెట్టుకోలేదు. రిషీకేశ్ స్వామి శివానంద పేరు పెట్టారు.

మన పెద్దవాళ్లు ఆ జబ్బు పేరు కూడా నోట పలికేవారు కాదు, గుర్తుందా? "పెద్దరోగం" అనేసి ఊరుకునేవారు. నిజానికి అది పాపఫలమూ కాదు, వంశంలో వచ్చేదీ కాదు. ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. అది నరాలను మొద్దుబారుస్తుంది. వేడి తెలియదు, నొప్పి తెలియదు. ఆలోచించండి, పొయ్యిమీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దింపినా చెయ్యి కాలినట్టే తెలియకపోతే? బొబ్బలెక్కి, పుండ్లు పడి, చివరికి వేళ్లు వంకర తిరిగిపోతాయి. మందులు 1940ల నుంచీ ఉన్నాయి. లేనిదల్లా ఇల్లు. జబ్బు మనిషిని మళ్లీ గడప తొక్కనిచ్చేవాళ్లు లేరు.

చట్టం కూడా అందుకు సాయపడింది. నయంకాని కుష్ఠు ఉంటే విడాకులు పుచ్చుకోవచ్చునని 1955 నాటి హిందూ వివాహ చట్టం రాసిపెట్టింది. చట్టం ఇద్దరికీ ఒకటే, సరే. కాని మొగుడికొస్తే సేవ చెయ్యమనడం, పెళ్లానికొస్తే పుట్టింటికి పంపెయ్యడం మన ఇళ్లలో రాసుకున్న చట్టం! ఆ కాగితం మీది మాట 2019లో గాని పోలేదు.

ఇక 1962. హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషన్లు ఒకటై అప్పటికి రెండేళ్లు. మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దలు కూర్చున్న మేయరు కుర్చీలో కుముదినీదేవిగారు కూర్చున్నారు. మద్రాసులో తారా చెరియన్ గారు 1956లోనే మేయరయ్యారు గనుక, దక్షిణాదికి ఇది మరీ వింత కాదు. అయినా ఒకటి మరవకండి. నగరపాలికల్లో ఆడవాళ్లకు మూడోవంతు స్థానాలు కేటాయించిన రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993లో. ఈవిడ అంతకు ముప్ఫై ఏళ్ల ముందే, ఏ రిజర్వేషనూ లేకుండా వచ్చారు. అదే ఏడు వనపర్తి నుంచి శాసనసభకూ ఎన్నికై, 1972 దాకా ఉన్నారు.

మేయరు పనేమిటి? కుళాయి నీళ్లు, మురుగుకాలవలు, చెత్త, వీధిదీపాలు. ఇంట్లో ఇవన్నీ మన పనులేగా! ఊరికి చెయ్యవలసి వచ్చేసరికి మాత్రం మగవాళ్ల పనులైపోతాయి, అదేం చిత్రమో!

కుర్చీ అన్నాక చేతులు మారుతుంది. కొన్నేళ్లకే సరోజినీ పుల్లారెడ్డిగారు మేయరయ్యారు. కూకట్‌పల్లి ఇల్లు మాత్రం అక్కడే నిలిచింది. కుముదినీదేవిగారు 2009 ఆగస్టు 6న, 98వ ఏట కన్నుమూశారు. అప్పటికి 1980ల్లో వచ్చిన కొత్త మందుల కూటమితో జబ్బు చాలావరకు అణిగింది. దేశం మొత్తం మీద పదివేలమందిలో ఒకరికంటే తగ్గిందని 2005 చివర లెక్క తేల్చారు. అలాగని పూర్తిగా పోలేదు. ఈమధ్య సంవత్సరాల్లో కూడా ఏటా లక్ష అటూ ఇటూగా కొత్తవాళ్లు బయటపడుతున్నారు.

అందుకని చిన్నమాట. ఒంటిమీద పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. మందులు ఉచితం. ఆరు నెలలో, ఏడాదో మానకుండా వాడితే నయమైపోతుంది. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి చేతిమీద అలాంటి మచ్చ కనిపిస్తే, రేపటినుంచి రావద్దనకండి. ఆస్పత్రికి పంపించి, జీతం కోయకుండా మళ్లీ పనిలోకి రానివ్వండి. రాణీగారు సంస్థానం ఉండి చేసిన పనిలో మన గడప దగ్గర మనం చెయ్యగలిగింది అదే.