రిజిస్టరైనా.. రుజువైతేనే వీలునామా

ఇంటి పెద్ద పెద్దకర్మ ముగిసిన మర్నాడే బీరువా తాళాలు తెరుచుకుంటాయి. పాసుపుస్తకాలు, డిపాజిట్ రసీదులు, బంగారం లెక్క తేలుతుండగా కుమారుల్లో ఒకరు వీలునామా బయటపెడతారు. ఇల్లు, మాగాణి తనకే రాశారంటారు. అత్తింట ఉన్న కుమార్తెకు ఆ కాగితం సంగతే తెలియదు. అది రిజిస్టరైంది కనుక ఇక చేసేదేమీ లేదని ఊరి పెద్దలు తేల్చేస్తారు. సివిల్ కోర్టుల గడప తొక్కే వారసత్వ దావాల్లో ఈ కథ కొత్తది కాదు. పెద్దలు చెప్పే ఆ మాట మాత్రం చట్టం ముందు నిలవదు. సబ్‌రిజిస్ట్రారు ముద్ర ఒక ఆధారం మాత్రమే. రాసినవారు తెలివిలో ఉండి, ఇష్టపూర్వకంగా సంతకం చేశారని రుజువైతేనే వీలునామా చెల్లుతుంది.

సాక్షులే ఆయువుపట్టు

భారత వారసత్వ చట్టం-1925లోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామాపై రాసినవారి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆ సాక్షులు ఒక్కొక్కరూ ఆయన సంతకం చేయడాన్ని కళ్లారా చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయనే వారితో చెప్పి ఉండాలి. తర్వాత వారు ఆయన ఎదుటే తమ సంతకాలు పెట్టాలి. ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో ఉండాలన్న నియమం లేదు. ఆచరణలో ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టడమే క్షేమం. దస్తావేజు లేఖరి వద్ద కాగితం సిద్ధం చేసుకుని, దారిన పోయేవారిని పిలిచి సాక్షి సంతకాలు పెట్టించే అలవాటు చాలాచోట్ల ఉంది. పదేళ్ల తర్వాత ఆ సాక్షి ఎవరో, ఎక్కడున్నారో కుటుంబానికే తెలియదు.

కోర్టులో వివాదం తలెత్తితే సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాల్సిందే. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నిబంధన 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ కొనసాగుతోంది. రిజిస్టరైన వీలునామాకూ ఇందులో మినహాయింపు లేదు. సాక్షులిద్దరూ మరణిస్తే ఒకరి చేతిరాతను, రాసినవారి సంతకాన్ని ఇతరుల ద్వారా నిరూపించాలి. అది తేలికైన పని కాదు. అందుకే తన ఈడు వారిని కాకుండా వయసులో చిన్నవారిని, ఊళ్లో స్థిరంగా ఉండేవారిని సాక్షులుగా ఎంచుకోవాలి. డెబ్బై దాటినవారు రాసేటప్పుడు చికిత్స చేస్తున్న వైద్యుడు సాక్షిగా ఉంటే మతిస్థిమితంపై వచ్చే సందేహాలకు అక్కడే సమాధానం దొరుకుతుంది.

ఆస్తి పొందేవారే సాక్షి సంతకం చేయడం మరో పొరపాటు. క్రైస్తవుల విషయంలో సాక్షికి గానీ, సాక్షి భార్య లేదా భర్తకు గానీ రాసిన ఆస్తి ఆ మేరకు చెల్లదు. హిందువులకు ఈ నిషేధం వర్తించదు, కానీ కోర్టు అనుమానంగా చూస్తుంది.

అనుమానం ఎక్కడ పుడుతుంది?

వేంకటాచల అయ్యంగార్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే నేటికీ ఈ విషయంలో గీటురాయి. వణికిన సంతకం, మంచంపట్టిన స్థితి, కారణం చెప్పకుండా సొంత బిడ్డలను పక్కనపెట్టడం, లబ్ధి పొందేవారే దగ్గరుండి రాయించడం వంటివి ఉంటే ఆ అనుమానాలను తొలగించాల్సిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదే. ఒక బిడ్డకు తక్కువ ఇవ్వదలిస్తే కారణాన్ని రెండు వాక్యాల్లో రాయడం మంచిది. 'పెళ్లినాడు ఎకరం ఇచ్చాను' అన్న ఒక్క మాట తర్వాతి తరానికి ఏళ్ల వ్యాజ్యాన్ని తప్పించవచ్చు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు సుంకమూ లేదు, తెల్లకాగితంపై రాసినా చాలు. అయితే రిజిస్టరైన పత్రం మాయమయ్యే భయం ఉండదు. రాసినవారు బతికుండగా దాని నకలు వారికి, లేదా వారు అధికారమిచ్చిన ప్రతినిధికి తప్ప మరొకరికి ఇవ్వరు. గుట్టుగా ఉంచదలచినవారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చు. మనసు మారితే ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు. చివరిదే చెల్లుతుంది.

రాయకపోతే ఎవరికెంత?

వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఐదెకరాల స్వార్జితం ఉన్న రైతుకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె, తల్లి ఉన్నారనుకుంటే అయిదుగురికీ తలా ఎకరం. తల్లికి వాటా ఉందన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

స్త్రీల ఆస్తి విషయంలో చట్టం మరింత చిక్కుగా ఉంది. భర్త, పిల్లలు లేని స్త్రీ మరణిస్తే ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి కూడా ముందుగా భర్త తరఫు వారసులకే వెళ్తుంది. ఆమె తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు చేరుతుంది. ఈ చిక్కుల దృష్ట్యానే మహిళలు, ముఖ్యంగా హిందూ మహిళలు వీలునామా రాసుకోవాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు విజ్ఞప్తి చేసింది.

పిత్రార్జితం మొత్తాన్ని తండ్రి తన ఇష్టానికి రాయలేరు. తన వాటా వరకే ఆయనకు హక్కు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా తెచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవారికి ఇవ్వలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముస్లింలు ఇతర వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి రాయలేరు.

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్ముకు యజమాని కారు. ఆ సొమ్మును తీసుకుని వారసులకు అందజేయాల్సిన వ్యక్తి మాత్రమే. షేర్ల విషయంలోనూ 2023లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వారిదే. తండ్రి ఇచ్చిన జీపీఏ సాధారణంగా ఆయన మరణంతోనే ముగుస్తుంది. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తెలియక మరణానంతరం జీపీఏతో అమ్మకాలకు దిగి ఇబ్బంది పడుతున్నారు.

బతికుండగానే ఇల్లు పిల్లల పేర దానపత్రంగా రాసి, ఆనక అన్నానికి వెతుక్కునే వృద్ధుల గోడు కలెక్టరేట్లలో వినిపిస్తూనే ఉంది. పోషించాలన్న షరతుతో రాసి ఉంటే, దాన్ని తప్పినప్పుడు 2007 నాటి వయోవృద్ధుల సంరక్షణ చట్టం కింద రద్దు కోరవచ్చు. వీలునామాతో ఆ బెడద లేదు, కన్నుమూసే వరకు ఆస్తి రాసినవారిదే.

మరణానంతరం వీలునామాను కోర్టులో ధ్రువపరచుకునే ప్రొబేటు తెలుగు జిల్లాల్లోని ఆస్తులకు సాధారణంగా తప్పనిసరి కాదు. చెన్నై, ముంబయి, కోల్‌కతాల్లో ఇల్లు ఉన్నవారికి ఉండేది. దానికి మూలమైన 213వ సెక్షన్‌ను పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది. ఇక్కడి భూములకు వీలునామా, మరణ ధ్రువపత్రంతో రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేస్తే పేరు మారుస్తారు. పేరు మారినంత మాత్రాన హక్కు తేలినట్లు కాదు. తోబుట్టువులు అభ్యంతరం చెబితే సివిల్ కోర్టే తేల్చాలి, అక్కడ మళ్లీ సాక్షినే పిలుస్తారు.