ముంజేతి మీది వాపు చెప్పిన కబురు

మా తిరువూరు ప్రాంతంలో నా తరంవారిలో చాలామందికి ఎడమ భుజం మీద చిన్న గుంట మచ్చ ఉంటుంది. అది బి.సి.జి. టీకా మచ్చ. దాని చరిత్ర వెదుకుతూ పోగా నాకొక విచిత్రమైన సంగతి తెలిసింది. టి కణాలు ఏం చేస్తాయో ప్రపంచానికి తెలియడానికి యాభై ఏళ్ళకు పైగా ముందే వైద్యులు వాటి సంకేతాలను స్కేలుతో కొలిచేవారు!

1890లో రాబర్ట్ కాక్ క్షయ క్రిముల నుండి ట్యూబర్క్యులిన్ తీసి, అది మందు అన్నాడు. మందుగా అది విఫలమైంది. అయితే 1907లో వియన్నాలో పిర్కే, ఆ వెంటనే ఫ్రాన్సులో మాంటూ దానినే పరీక్షగా మలిచారు. ముంజేతి చర్మంలోకి చుక్క ఎక్కించి, రెండు మూడు రోజులకు గట్టిపడిన వాపును కొలవడమే ఆ పరీక్ష. వాపు వస్తే ఆ శరీరానికి క్షయ క్రిమి ముందే పరిచయమన్నమాట.

మరి రెండు రోజుల ఆలస్యం ఎందుకు? ఈ గుణం రక్తరసంతో కాక కణాలతో సంక్రమిస్తుందని 1945లో మెరిల్ చేజ్ గినీ పందులలో చూపాడు. 1961లో జాక్ మిల్లర్ థైమస్ గ్రంథి ప్రాధాన్యాన్ని వెల్లడించాడు. ఆ గ్రంథి పేరుమీదుగానే అవి టి కణాలయ్యాయి. ఇటువంటి తెల్లకణాలు ప్రేరణ పొందినపుడు సంకేత మాంసకృత్తులను వెలువరిస్తాయని 1960లలోనే తేలింది. వాటినే నేడు సైటోకైన్లు అంటున్నాము.

ఆ ప్రేరణ బ్యాంకు లాకరు వంటిది. రెండు తాళంచెవులు కావాలి. క్రిమిని మింగిన కణం దాని ముక్కనొకదానిని తన ఉపరితలం మీద ప్రదర్శిస్తుంది. టి కణపు గ్రాహకం ఆ ముక్కను గుర్తించడం మొదటి తాళంచెవి. ప్రదర్శించే కణం మీది బి7, టి కణం మీది సి.డి.28తో కలవడం రెండవది. తొలిసారి మేల్కొనే టి కణానికి ఈ రెండూ తప్పనిసరి. అపుడు కణంలో కాల్షియం పెరుగుతుంది. కాల్సిన్యూరిన్ అనే ఎంజైము ఎన్‌ఫాట్ అనే మాంసకృత్తును కేంద్రకంలోకి పంపుతుంది. సైటోకైన్ల జన్యువులు తెరచుకుంటాయి. పాత పరిచయమున్న టి కణాలు చేతి మీది చుక్క వద్దకు చేరి, ఇంటర్‌ఫెరాన్ గామా వెలువరించి, మరిన్ని కణాలను పిలుస్తాయి. ఈ పిలుపులకు, రాకలకు పట్టే కాలమే ఆ రెండు రోజులు.

ఇక మన గడ్డకు వద్దాం. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి సారథి. భారతదేశంలో బి.సి.జి. టీకా 1948లో మొదలైనది మదనపల్లెలోనే. ముందు ట్యూబర్క్యులిన్ పరీక్ష చేసి, వాపు రానివారికే టీకా వేసేవారు. టీకా తరువాత వాపు వస్తే పని జరిగినట్లే భావించేవారు. దీనిని అందరూ ఒప్పుకోలేదు. 1955లో రాజాజీ బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ పుస్తకమే వెలువరించారు.

తీర్పు కోసం 1968లో పొరుగున చెంగల్పట్టు జిల్లాలో భారీ పరిశీలన ఆరంభమైంది. సుమారు 2,60,000 మంది అందులో పాల్గొన్నారు. టీకా పడినవారికి వాపులు బాగానే వచ్చాయి. కాని 1979లో వెలువడిన తొలి ఫలితం నిర్ఘాంతపరచింది: పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేకపోయింది.

అంటే టి కణాలు పలకడం వేరు, రక్షించడం వేరు. వాపు నిజమే చెప్పింది. "ఈ క్రిమిని నేనెరుగుదును" అన్నది. అంతకుమించి అది అనలేదు. దానిని అభయహస్తంగా చదివినది మనుషులు. పసిపిల్లలలో మెదడు పొరల క్షయ వంటి భయంకర రూపాలను బి.సి.జి. అడ్డుకుంటుంది గనుకనే నేటికీ పుట్టగానే వేస్తున్నారు. పెద్దలను కాపాడే టీకా కోసం మాత్రం వెదుకులాట సాగుతూనే ఉంది. ఏ సంకేతాల కలయిక నిజమైన రక్షణకు గుర్తు అన్నదే ఇంకా విడని చిక్కుముడి.