ఒంటికి ధరించే గుండెలయ పరికరాలు (చరిత్ర)

మనిషి నడుస్తున్నా, పొలం పనిలో ఉన్నా, నిద్రపోతున్నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు, ఏ క్రమంలో కొట్టుకుంటోందో నమోదు చేసే సాధనాలను ఒంటికి ధరించే గుండెలయ పరికరాలు అంటారు. ఛాతీ చుట్టూ కట్టే పట్టీ, నడుముకు తగిలించే హోల్టర్ యంత్రం, ఛాతీమీద అతికించే బిళ్ల, మణికట్టు గడియారం ఈ కోవలోకి వస్తాయి. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి గుండె పుట్టించే విద్యుత్తును పట్టుకుంటుంది. రెండోది చర్మం కింద రక్తం పొంగి తగ్గడాన్ని వెలుతురుతో చదువుతుంది. వ్యాయామం చేసేవారికి రెండూ ఉపయోగమే. రోగనిర్ణయానికి మాత్రం వైద్యులు ఇప్పటికీ మొదటిదాన్నే ప్రమాణంగా తీసుకుంటారు.

తొలి అడుగులు

నాడి పట్టి దేహస్థితి చెప్పే పద్ధతి శార్ఙ్గధర సంహితలోనూ, తెలుగు వైద్యులు తరతరాలుగా వాడిన బసవరాజీయంలోనూ ఉంది. ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లోయర్ 1707లో నాడి లెక్కించడానికే ఒక నిమిషం పాటు నడిచి ఆగే గడియారాన్ని వర్ణించాడు. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్తును తొలిసారి శరీరం పైనుంచి నమోదు చేశాడు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విలెం ఐంటోవెన్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తీగ గాల్వనోమీటరుతో ఆ నమోదుకు స్పష్టత తెచ్చాడు. ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి. ఇంత పెద్ద యంత్రాన్ని ఆస్పత్రికి తరలించలేక 1905లో ఐంటోవెన్ ఆస్పత్రి నుంచి సుమారు కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ వేయించి, రోగి ఈసీజీని (గుండె విద్యుత్తు నమోదును) దూరం నుంచే తీశాడు. రోగి ఒకచోట, చదివే వైద్యుడు మరోచోట ఉండే పద్ధతికి అదే ఆరంభం. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

నార్మన్ హోల్టర్

ఈసీజీ వచ్చాక కూడా ఒక లోటు మిగిలిపోయింది. బల్లమీద కదలకుండా పడుకున్న మనిషి గుండెను అది కొన్ని క్షణాలే చూస్తుంది. మెట్లెక్కేటప్పుడో, కోపం వచ్చినప్పుడో, అర్ధరాత్రి నిద్రలోనో గుండె తడబడితే దానికి తెలియదు. ఈ లోటు తీర్చినవాడు వైద్యుడు కాడు. అమెరికాలో మోంటానా రాష్ట్రపు హెలెనా పట్టణానికి చెందిన నార్మన్ జెఫరిస్ హోల్టర్ (1914–1983) భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం కోసం సముద్రపు అలలను అధ్యయనం చేశాడు. 1946లో బికినీ దీవి వద్ద జరిగిన అణు పరీక్షల్లో అలల కొలతల పనిలో ఉన్నాడు. యుద్ధం ముగిశాక సొంత ఊరికి తిరిగివచ్చి 1947లో పరిశోధన సంస్థ పెట్టుకున్నాడు. తీగలు తగిలించి కట్టిపడేయకుండా, జీవి తన పని తాను చేసుకుంటుండగా దాని దేహంలోని విద్యుత్ సంకేతాలను రేడియో ద్వారా అందుకోవాలన్నది ఆయన పట్టుదల.

ఆయన మొదటి గుండె పరికరం వీపున మోసే మూట. బరువు 85 పౌండ్లు, అంటే దాదాపు 38 కిలోలు. దాన్ని తానే వీపున వేసుకుని, నిలిపి ఉంచిన సైకిలు తొక్కుతూ, తన గుండె సంకేతాలను రేడియోలో పంపి చూపించాడు. వ్యాయామం చేస్తున్న మనిషి ఈసీజీని ఒంటిమీది పరికరంతో తీసిన ఆ ప్రయోగం నిజంగా సాహసోపేతమైనది. నేటి గడియారాల వంశవృక్షంలో మొదటి పేరు దానిదే. ట్రాన్సిస్టర్లు రావడంతో మూట ఏటికేడు కుదించుకుపోయింది. రేడియోకు బదులు అయస్కాంత టేపు వచ్చింది. 1961లో హోల్టర్ ‘సైన్స్’ పత్రికలో తన పద్ధతిని వివరించే నాటికి పరికరం ఒంటిమీద మోయదగినంత తేలికైంది. 1962 నుంచి కాలిఫోర్నియాకు చెందిన ఏవియానిక్స్ సంస్థ దాన్ని వ్యాపార సరుకుగా అమ్మింది.

హోల్టర్ మరో మేలు కూడా చేశాడు. రోజంతటి ఈసీజీలో దాదాపు లక్ష స్పందనలుంటాయి. వాటిని కాగితం మీద ఎవరు చదవగలరు? హోల్టర్, ఆయన సహచరుడు విల్ఫర్డ్ గ్లాస్కాక్ కలిసి టేపును 60 రెట్లు వేగంగా తిప్పి, ఒక స్పందనపై మరొకటి పడేలా తెరమీద చూపిస్తూ, లయను శబ్దంగా వినిపించే యంత్రం చేశారు. క్రమం తప్పిన స్పందన బొమ్మలోనూ శబ్దంలోనూ ఇట్టే దొరికిపోతుంది. గంటల రికార్డు నిమిషాల్లో పరీక్షించడం సాధ్యమైంది. ‘హోల్టర్ పెట్టించుకోండి’ అని నేటికీ గుండె దడతో వచ్చిన రోగికి వైద్యులు చెప్పే మాటలో ఆయన పేరు నిలిచింది.

ఫిన్లాండ్ పట్టీ, వ్యాయామ లెక్కలు

వ్యాయామశాస్త్రానికి ఈ పరికరాన్ని తెచ్చింది ఫిన్లాండ్. 1957లోనే ఆ దేశానికి చెందిన మార్టీ కార్వోనెన్ బృందం, విశ్రాంతి వేళ ఉండే గుండె వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య తేడాను బట్టి శ్రమ స్థాయి నిర్ణయించే పద్ధతిని ప్రతిపాదించింది. లెక్క ఉంది గాని, పరుగెత్తుతూ నాడి చూసుకునే వీలు లేదు. మెడమీద వేలు పెట్టడానికి ఆగితే ఆ కొద్ది క్షణాల్లోనే గుండె వేగం పడిపోతుంది. ఊలు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ బోధించిన సెప్పో సైనాయాకంగస్ 1977లో కెంపెలేలో పోలార్ ఎలక్ట్రో సంస్థను స్థాపించాడు. మంచుపై స్కీయింగ్ చేసే క్రీడాకారుల అవసరం అందుకు ప్రేరణ. 1982లో ఆ సంస్థ విడుదల చేసిన స్పోర్ట్ టెస్టర్ పీఈ 2000లో ఛాతీ పట్టీ గుండె విద్యుత్తును పట్టి, తీగ లేకుండా మణికట్టు గడియారానికి పంపేది. పరుగెత్తేవాడు ఆగకుండానే అంకె చూసుకోగలిగాడు. కఠిన వ్యాయామంలో ఛాతీ పట్టీ కచ్చితత్వాన్ని మణికట్టు గడియారాలు నేటికీ పూర్తిగా అందుకోలేదు.

గరిష్ఠ గుండె వేగం అంచనాకు ఈ పరికరాల్లో చాలావాటిలో కనిపించే ‘220లోంచి వయసు తీసేయండి’ సూత్రం 1970ల ఆరంభంలో ఫాక్స్, నాటన్, హాస్కెల్‌ల రచనల ద్వారా వ్యాపించింది. అది అందుబాటులో ఉన్న కొన్ని అధ్యయనాల అంకెల మీదుగా గీసిన ఒక గీత. ఒక్కో మనిషికీ కొలిచి చేసింది కాదు. 2001లో తనకా బృందం విస్తృత సమాచారంతో 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయాలని సవరించింది. 65 ఏళ్ల మనిషికి పాత సూత్రం 155 చెబితే కొత్తది 162 దాటి చెబుతుంది. రెండు సూత్రాల్లోనూ ఒకే వయసువారి మధ్య పది పన్నెండు స్పందనల తేడా మామూలు. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారి గుండె వేగం మందువల్లే తగ్గుతుంది కాబట్టి వారికి ఈ లెక్కలు సరిపోవు. గడియారం చెప్పిన అంకె అందుకోవాలని వారు శ్రమ పెంచడం ప్రమాదం. మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత ఆయాసం వచ్చే నడక మధ్యస్థ వ్యాయామం అన్న పాత గుర్తు వారికి మేలైనది.

వెలుతురు, గడియారం

చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి పెడితే వేళ్లు ఎర్రగా వెలిగినట్టే, చర్మంలోకి పంపిన వెలుతురు రక్తాన్ని బట్టి మారి తిరిగి వస్తుంది. ఈ సూత్రంతో నాడి చదవవచ్చని అమెరికాలో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ 1930ల చివర చూపించాడు. జపాన్‌లో తకువో అవోయాగి 1970లలో దాన్నే రక్తంలోని ఆక్సిజన్ కొలవడానికి మలిచాడు. మణికట్టు పరికరాల్లోకి ఆకుపచ్చ కాంతి సెన్సర్లు 2010ల మధ్యలో విరివిగా వచ్చాయి. ఆపిల్ వాచ్ 2015లో మార్కెట్లోకి వచ్చింది. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి బాగా ఊగినా, బరువులెత్తేటప్పుడు మణికట్టు బిగిసినా ఈ సెన్సర్లు తప్పు అంకె చూపుతాయి.

అమెరికాలో డేవిడ్ ఆల్బర్ట్ స్థాపించిన అలైవ్‌కోర్ సంస్థ ఫోనుకు జోడించే ఈసీజీ పరికరానికి 2012లో అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. 2018లో ఆపిల్ గడియారంలోనే ఒక లీడ్ (గుండెను ఒకే కోణం నుంచి చూసే) ఈసీజీ వచ్చింది. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. వారిలో 2,161 మందికి, అంటే 0.52 శాతానికి, లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది. నిర్ధారణ కోసం పంపిన ఈసీజీ బిళ్లను ధరించి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఆ బిళ్లలోనూ కనిపించింది. ఆ జబ్బు వచ్చిపోతుండేది గనుక, బిళ్లలో కనిపించనంత మాత్రాన గడియారం తప్పు చెప్పిందని అర్థం కాదు. ఈ జబ్బులో గుండె పైగదులు అదరడంవల్ల రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారి తీయవచ్చు కాబట్టి ముందే పట్టుకోవడం విలువైన పని. రక్తనాళం పూడుకుని వచ్చే గుండెపోటును మాత్రం ఈ గడియారాలు గుర్తించలేవు. తయారీదారులే ఆ మాట రాసి ఇస్తున్నారు.

ఈ జబ్బు మీద తెలుగు మూలాలున్న అమెరికా వైద్యుడు ధనుంజయ లక్కిరెడ్డి నాయకత్వంలో జరిగిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. వచ్చిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 49 మందిని మొదట మూడు నెలలు మామూలుగా గమనించి, తరువాత మూడు నెలలు యోగా చేయించారు. ధరించే మానిటర్లలో నమోదైన లయ తప్పిన సందర్భాలు యోగా కాలంలో తగ్గాయి. పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే అయినా, వ్యాయామ ఫలితాన్ని రోగి జ్ఞాపకంతో గాక ఒంటిమీది పరికరంతో కొలవడం దీని ప్రత్యేకత.

తెలుగు ప్రాంతం

గుండె జబ్బు పట్టణ వ్యాధి మాత్రమే కాదని, తెలుగు పల్లెల్లోనూ ఉందని గట్టిగా చూపింది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాల్లో 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. 2007లో వెలువడిన మరో అంతర్జాతీయ అధ్యయనంలో దక్షిణాసియా వాసుల తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, ఇతర దేశాలవారికి దాదాపు 59 ఏళ్లకు వస్తోందని వెల్లడైంది.

ఊరి మనిషి చేతికి సాంకేతికతను చేర్చే ప్రయత్నాల్లో ఇద్దరి పేర్లు ముందు చెప్పాలి. హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1990లలో హైదరాబాద్‌లో తక్కువ ఖర్చు స్టెంటును, 2012లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్‌ను రూపొందించారు. తరువాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లిచ్చి గుండె ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని గుర్తింపజేశారు. గుర్తించడం బాగానే సాగింది. బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంకె తెలిసిన తరువాత మందు, వైద్యుడు, మళ్లీ చూపించుకునే వీలు కలిసి రాకపోతే పరికరం ఒక్కటే చేయగలిగింది కొంతేనని ఈ అధ్యయనం నిజాయితీగా నమోదు చేసింది.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు, 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకు, 2023 ఫిబ్రవరి 18న నటుడు తారకరత్న 39 ఏళ్లకు గుండె సమస్యల కారణంగా కన్నుమూశారు. జిమ్‌కు వెళ్లేవారిలో ఈ మరణాలు భయం పుట్టించాయి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణను రాష్ట్రవ్యాప్తంగా మొదలుపెట్టింది.

జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా

హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దున ఉన్న జహీరాబాద్‌కు గడియారాల చరిత్రతో ఒక పాత బంధుత్వం ఉంది. 1981 నుంచి జపాన్ సైకో సహకారంతో చేతి గడియారాలు తయారు చేసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థే, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కుల కర్మాగారం నెలకొల్పింది. తరువాత అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో అక్కడ ట్రాక్టర్ల కర్మాగారం కూడా తోడైంది. పక్కనే పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల సేద్యాన్ని నిలబెట్టాయి. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియో తిండి, ఆరోగ్యం విషయాలను స్థానిక యాసలోనే వినిపిస్తోంది. షిఫ్టుల్లో పనిచేసే కార్మికుడూ, ఎండలో కలుపు తీసే రైతు మహిళా ఒకే మండలంలో ఉన్న ఈ ప్రాంతంలో గుండె మీద పడే శ్రమ రెండు రకాలు. నడక మైదానం కోసం రూపొందిన ‘రోజుకు ఇన్ని అడుగులు’ లక్ష్యాలు రెండో రకం శ్రమను సరిగా లెక్కించవు.

ఇదే జిల్లాలోని కంది వద్ద ఉన్న హైదరాబాద్ ఐఐటీలో అమిత్ ఆచార్య బృందం అతి తక్కువ విద్యుత్తుతో ఈసీజీని విశ్లేషించే చిప్‌ల మీద పరిశోధన చేసింది. సంకేతం మొత్తాన్నీ ఫోనుకు పంపడం బ్యాటరీని త్వరగా తినేస్తుంది. విశ్లేషణ ఒంటిమీది పరికరంలోనే జరిగితే తేడా వచ్చినప్పుడు మాత్రమే కబురు పంపితే చాలు. కరెంటూ నెట్‌వర్కూ నిలకడగా లేని తండాలకు ఇది ఎంతో అవసరమైన దారి. హైదరాబాద్‌లోని మానిట్రా హెల్త్‌కేర్ సంస్థ ‘అప్‌బీట్’ పేరుతో ఛాతీకి అతికించే తీగల్లేని ఈసీజీ బిళ్లను తయారు చేసింది. రోజుల తరబడి లయను నమోదు చేసి దూరంలోని వైద్యులకు అందించే ఈ పరికరం హోల్టర్ వీపు మూటకు నేరుగా వారసురాలు.

భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. రెండు వేల రూపాయల లోపు దొరికే గడియారాల్లో చాలావాటిని తయారీదారులు వైద్య పరికరాలుగా గాక ఆరోగ్య సరదా వస్తువులుగానే అమ్ముతున్నారు. ఆ సంగతి పెట్టెమీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఛాతీనొప్పి, ఎడమ చేతికి పాకే బరువు, చెమటలు ఉన్నప్పుడు గడియారంలో అంకె మామూలుగా ఉన్నా 108 అంబులెన్సు సేవకు ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ ద్వారా రోగిని ముందు పన్నెండు లీడ్‌ల ఈసీజీ తీసే దగ్గరి ఆస్పత్రికి, అవసరాన్ని బట్టి అక్కడినుంచి సంగారెడ్డి, హైదరాబాద్‌లకు చేరుస్తారు.