సురభి బాలికలు

పాపఘ్నీనది కొండలను చీల్చుకొని పాఱు గండి క్షేత్రమునకు ఆంజనేయస్వామి దర్శనార్థము పోవు భక్తులు కడప జిల్లాలోని చక్రాయపేట పేరు ఎఱుగుదురు గాని, ఆ మండలముననే వానకై ఎదురుచూచుచు కాలము గడపు మెట్టచేల నడుమ సురభి యను చిన్న పల్లె కలదనియు, ఆంధ్రదేశమంతట శతాధిక వత్సరములుగా ఆడుచున్న సురభి నాటకములకు ఆ పేరు ఈ పల్లెనుండియే వచ్చినదనియు ఎఱిగినవారు మా జిల్లాలోనే అరుదు. మహారాష్ట్రమునుండి తరలివచ్చి తోలుబొమ్మలాటతో జీవించుచుండిన వనారస కుటుంబములవారు ఈ పల్లె పెద్దల ప్రోత్సాహమున, 1885లో ఒక వివాహ సందర్భమున, బొమ్మలను ప్రక్కకు పెట్టి తామే వేషములు ధరించి ‘కీచకవధ’ ప్రదర్శించిరి. వనారస గోవిందరావు ఆ సమాజమునకు మూలపురుషుడు.

ఈ కథ పలుమాఱు చెప్పబడినదే. నా మనస్సు నిలుచునది మఱియొక యంశముపైన. ఆ కాలమున తెలుగు రంగస్థలమున స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. దశాబ్దములు గడచిన పిమ్మటకూడ స్థానం నరసింహారావు సత్యభామగా ప్రేక్షకులను సమ్మోహితులను గావించి, 1956లో పద్మశ్రీ పురస్కారమును గూడ పొందెను. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విదుషీమణులను తనతో రంగమునకు ఎక్కించుట సంఘసంస్కరణమని కీర్తింపబడినది, కీర్తింపదగినదే. అయితే సభలు, తీర్మానములు, పత్రికలలో వాదప్రతివాదములు ఏమియు లేకయే సురభివారి యాడుపిల్లలు అంతకుముందే వేదిక నెక్కి పద్యములు పాడుచుండిరి.

ఇది ఎట్లు సాధ్యమైనది? తోలుబొమ్మలాటలో తెరవెనుక కూర్చుండి సీతకును ద్రౌపదికిని గొంతునిచ్చినవారు ఆ కుటుంబముల స్త్రీలే. రాగము, తాళము, కథ, సమయోచిత సంభాషణము వారికి అప్పటికే కరతలామలకములు. కావున వారు కొత్తగా నేర్వవలసినది నటనము కాదు. తెరవెనుకనుండి తెరముందునకు వచ్చుట మాత్రమే. కుటుంబమే సమాజమైనచోట తండ్రి హార్మోనియము వాయించుచుండ, మేనమామ రంగుతెర లాగుచుండ, తల్లి ప్రక్కవేషమున నిలిచియుండ, పదమూడేండ్ల బాలిక శశిరేఖగా రంగమునకు వచ్చుటలో ఆమెకు భయముగాని, పెద్దలకు శంకగాని యుండుటకు తావు లేకపోయెను. లోకమేమనునో యను చింత గ్రామమునకు ఉండవచ్చును గాని, ఊరూరు తిరుగు ఆ గుడారములో దానికి చోటు లేదు.

ఆ బాలికల విద్యాభ్యాసము ఎక్కడను వ్రాతలో లేదు. నడక వచ్చుటతోడనే బాలకృష్ణుడు. మాటలు స్థిరపడగనే లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, లవకుశులు. ఎదిగినకొలది సుభద్ర, చంద్రమతి. మధ్యమధ్య మగపాత్రలును వచ్చుచుండును. తనది కాని పాత్రలయందలి సంభాషణములును రాత్రి వెంబడి రాత్రి వినివిని ఆమెకు కంఠస్థమైయుండును గనుక, ఎవరైన జబ్బుపడిన దినమున ఏ వేషమునకైనను ఆమె సిద్ధము. తీగలపై నారదుడు ఆకాశమునుండి దిగుట, బాణములు నడుమ ఢీకొని మండుట మొదలగు సురభివారి చమత్కారములను జనులు విశేషముగ చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ తీగల క్రింద అదరక బెదరక పద్యమెత్తుకొను చిన్నదాని ధైర్యమే ఎక్కువ చమత్కారముగ తోచును.

ఈ బాలికలలో అగ్రగణ్య సురభి కమలాబాయి. 1907లో, నిండుచూలాలైన తల్లి వెంకూబాయి దమయంతి వేషమున నటించుచుండగా రంగస్థలముననే నొప్పులు వచ్చి ఈ శిశువు జన్మించెననియు, ప్రేక్షకులు తొలుత అదియును నాటకభాగమే యనుకొనిరనియు ప్రసిద్ధమైన వృత్తాంతము కలదు. పసితనముననే వేషము కట్టి, యౌవనమున స్త్రీ పాత్రలందును పురుష పాత్రలందును పేరొందిన యామె, హెచ్.ఎం. రెడ్డి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీయబూనినప్పుడు లీలావతియై తెలుగు చలనచిత్రమునకు ప్రథమ కథానాయిక యయ్యెను. ఆ చిత్రము 1931లో విడుదలయ్యెనని చిరకాలము చెప్పుకొనిరి; 1932 ఫిబ్రవరి 6 సరియైన తేది యని పిమ్మట పరిశోధకులు నిరూపించిరి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లిగా కనిపించు ముదుసలి ఈమెయే యని చెప్పిన, మా యూళ్ళలో పెద్దలు సైతము ఆశ్చర్యపడుదురు.

జపాను దేశచరిత్ర చదువుచుండగా స్త్రీలు రంగమునకు వచ్చుట యను ఈ విషయమే నాకు మఱల స్ఫురించినది. అచ్చటి కబుకి నాటకమును ప్రారంభించినది ఓకుని యను స్త్రీయే యైనను, 1629లో ప్రభువులు స్త్రీలను రంగమునుండి బహిష్కరింపగా పురుషులే స్త్రీ వేషములు ధరింపసాగిరి. ఆ పిమ్మట దాదాపు మూడువందల యేండ్లకు, కొబయాషి ఇచిజో యను రైలు వ్యాపారి తకారజుక యను వేడినీటి బుగ్గల యూరికి యాత్రికులను రప్పింపదలచి, 1913లో బాలికలను చేరదీసి పాటయు ఆటయు నేర్పించి, మూతవడిన ఈతకొలనును నాటకశాలగా మార్పించి, 1914లో వారిచేత మగపాత్రలతో సహా సర్వమును ఆడించెను. నాడు ప్రారంభమైన ఆ సమాజము ఈనాటికిని నడచుచున్నది. అక్కడ బాలికలకు ఒక ధనవంతుని సంకల్పము తోడయ్యెను. సురభి బాలికలకు ఎద్దుబండి, గుడారము, తమ గొంతుక తప్ప అన్యమైన ఆధారము లేకుండెను.

ఈ ఘనతకు వారు చెల్లించిన మూల్యమును దాచుట న్యాయము కాదు. ఏ యూరను నిలకడ లేనందున బడిచదువు సాగదు; పెండ్లిండ్లు ఎక్కువగ సమాజపు కుటుంబములలోనే; పురిటి దినములు గడచుటయే తడవుగ మఱల వేషము. ఒకప్పుడు ముప్పది దాటిన సురభి సమాజములు సినిమా వచ్చిన పిమ్మట క్షీణించి నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మిగిలినవి. హైదరాబాదు శేరిలింగంపల్లి సురభికాలనీలో వాని వారసులు కొందఱు స్థిరపడిరి. వారిలో సురభి బాబ్జీగా ప్రసిద్ధుడైన నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించెను. చక్రాయపేట మార్గమున పోవువారికి కనబడునట్లు, ఆ పల్లెలో గోవిందరావు పేరుతోపాటు వెంకూబాయి, కమలాబాయి పేర్లను గూడ శిలపై చెక్కింపవలెనని మా జిల్లా పెద్దలకు నా విన్నపము.