59.78 పక్కన రాయని మాట

1977 ఆగస్టులో తూర్పు జర్మనీ అమ్మాయి క్రిస్టియానె క్నాకె వంద మీటర్ల బటర్‌ఫ్లై ఈతను 59.78 సెకన్లలో ముగించింది. ఆ దూరాన్ని నిమిషం లోపు ఈదిన తొలి స్త్రీ ఆమే. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచింది. మిగతా రెండు పతకాలూ ఆమె దేశపు అమ్మాయిలవే.

రికార్డుల చరిత్ర ఇక్కడ ఆగిపోతుంది. ఆ శరీరాల చరిత్ర మాత్రం ఆగలేదు. 1974 నుంచి ఆ ప్రభుత్వం రహస్య పథకం ప్రకారం క్రీడాకారులకు హార్మోన్ మందులిచ్చింది. చాలామంది ఆడపిల్లలకు అవి విటమిన్లని చెప్పారు. గొంతులు బొంగురుపోయాయి, కండలు పెరిగాయి. వాళ్ళ ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

బయటివాళ్ళు చేసిందేమిటి? ఆ భుజాల్నీ గొంతుల్నీ చూసి నవ్వారు. రాజ్యం ఆ శరీరాల్ని ప్రతిష్ఠకు వాడుకుంటే, లోకం వాటిని ఆడతనపు కొలతలతో తూచింది.

మౌనాన్ని ఛేదించడంలో స్త్రీలు ముందున్నారు. ఒకప్పటి డిస్కస్ త్రో క్రీడాకారిణి బ్రిగిట్టె బెరెండాంక్ 1991లో రహస్య పత్రాల ఆధారంగా పుస్తకం తెచ్చింది. 1998లో బెర్లిన్ కోర్టులో క్నాకె తన కోచ్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. 2000లో తూర్పు జర్మనీ క్రీడల మాజీ అధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్ దోషిగా తేలాడు. పడిన శిక్షకు జైలు గడప తొక్కే పని లేకపోయింది.

క్నాకెను మోసగత్తె అనడం తేలిక. బలిపశువు అనడం ఇంకా తేలిక. నీళ్ళలో ఆమె పడ్డ శ్రమా, కోర్టులో ఆమె చూపిన తెగువా ఆ రెండు మాటల్లోనూ ఇమడవు. స్త్రీల క్రీడాచరిత్ర రాసేవాళ్ళం 59.78 పక్కనే ఆ సాక్ష్యాన్నీ రాయాలి.