కిరాతక మెవరిది?

బందరు కోర్టు ఆవరణలోనైనను, గుడివాడ కాఫీహోటలులోనైనను, ఎచ్చటనో జరిగిన హత్యనుగూర్చి ప్రస్తావన వచ్చినంతనే “ఎంత కిరాతకము!” అని నిట్టూర్చుట మనవారి కలవాటు, ఇంతకంటె ఘోరమైన పదము భాషలో లేనట్లు పత్రికలవారును దీనినే శీర్షికల కెక్కింతురు. అయితే వీథిబడిలో అమరము వల్లెవేసినవారికి తెలియును: అమరసింహుడు క్రూరునికి జెప్పిన పర్యాయపదములు నృశంసుడు, ఘాతుకుడు, పాపుడు; కిరాతుని బేర్కొన్నది వేఱొకచోట, శబరపుళిందులతోబాటు, మ్లేచ్ఛజాతులలో. మొదటి మూడును చేసిన పనిని బట్టి వచ్చిన మాటలు, కడపటిది పుట్టిన పుట్టుకను బట్టి వచ్చినది. జాతి పేరు దుష్కృత్యమునకు పేరగుట ఆ తరువాతి కథ.

కావ్యములలో నిట్లు లేదు. భారవి కావ్యమునందును, శ్రీనాథుని హరవిలాసమునందును కిరాతుడనగా సాక్షాత్తు పరమశివుడు. ఆ శివునికై అర్జునుడు బెజవాడ ఇంద్రకీలాద్రిపై దపస్సు చేసెనన్నది కృష్ణాతీరమున పిల్లలకును తెలిసిన స్థలపురాణము. ఆ కథను రాతికంబముపై జెక్కించి నిలిపినవాడు త్రికోటిబోయ. బోయ యన్న మాటను దాచుకొనక శాసనమున కెక్కించుకొన్నాడు, ఆ కాలమున నది సిగ్గుపడదగిన మాట కాకుండెను గాబోలు.

ఇక నేటికిని వేటతో బ్రతుకువారిని జూడ దివిసీమకు రండు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పొలములలో ఎలుకలబట్టువారు యానాదులు. వరి పొట్టమీద నుండగా రైతు కబురంపినచో వచ్చి, గట్లవెంట కలుగులు వెదకి, ఒక్కటి తక్క తక్కిన ద్వారములన్నియు మట్టితో మూసి, చిల్లికుండలో గడ్డి రాజేసి, బుగ్గలు పొంగించి యూదుచు పొగను లోనికి దోలుదురు. ఉక్కిరిబిక్కిరియై వెలువడు ఎలుకను వట్టిచేతితో నొడిసిపట్టుదురు. కూలి తోకల లెక్కన. కోతలనాడు కలుగులు త్రవ్వగా దొరకు వెన్నులును వారివే. పని లేని దినములలో మడ అడవులలో పీతలవేట. వేటయే బ్రతుకుగా గల యీ జనము పంట గాచినంతగా పురుగుమందులు గాచినవని నేను నమ్మను.

ఇట్టి జనులపై నేరపు ముద్ర వేసినది నాటి ప్రభుత్వము. 1871లో ఉత్తరాదిని బుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము, నేరము చేసితివా యని యడుగుటకు మాఱు ఎవరికి బుట్టితివని యడిగెను. ఎరుకలవారిని జాబితాల కెక్కించి, వ్రేలిముద్రలు దీసి, ఠాణాలో హాజరు వేయించి, అనుమతి లేనిదే పొలిమేర దాటరాదని కట్టడి చేసిరి. బాపట్ల చెంత స్టువర్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారి యధీనమున నొక సెటిల్మెంటును వెలయించిరి. పసిబిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు! నృశంసమను మాట యిక్కడ సరిగా నతుకును. యానాదులకై నెల్లూరున వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఏండ్లతరబడి పాటుపడిరి. 1952లో చట్టము దేశమంతట రద్దాయెను. అయినను, నేటికిని కాలువగట్టున ఆయిలింజను మాయమైనచో ఠాణాకు మొదట పిలువబడువా డెవడో దివిసీమలో ఏ రైతు నడిగినను చెప్పును.